క్లీనింగ్ కాలమ్

మార్చి 4

కొత్త చట్టం వచ్చింది. నలభై ఆరు పేజీలు. పేషెంట్‌కీ పేషెంట్‌కీ మధ్య చదువుతూ పోతే మధ్యాహ్నానికి పన్నెండో పేజీకి చేరాను. రాసినవాడెవడో గానీ జన్మలో క్లినిక్ మెట్టెక్కినట్టు లేడు. కుర్చీకీ కుర్చీకీ మధ్య ఎంత దూరం ఉండాలో రాశాడు, కుర్చీ దొరక్క గోడకానుకుని నిలబడేవాళ్ల సంగతి రాయలేదు.

పోర్టల్‌లో క్లినిక్‌ని మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలట. నా సంతకం సైజు ఎక్కువైందని ఆరుసార్లు వెనక్కి కొట్టింది. ఏడోసారి తక్కువైందంది.

మార్చి 5

సంతకం తీసుకుంది. ఫోటో వద్దంది.

మార్చి 9

పంతొమ్మిదో పేజీ. జూన్ ఒకటి నుంచి నర్సింగ్ రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పేషెంట్ ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు. సూది, కట్టు, చివరికి బీపీ కూడా. వేస్తే క్లినిక్ మూత.

అంటే సూదక్క. ఈ పేరు పేషెంట్లే పెట్టారు. పంతొమ్మిదేళ్ల కింద మావయ్యగారు ఈ క్లినిక్ నడిపే రోజుల్లో పనికి చేరింది, ఆయనే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు. చదువు పదో తరగతి. పిల్లాణ్ణి నీ రెండో చెప్పు ఏదిరా అని అడుగుతుంది, వాడు కాళ్ల వైపు చూసుకునేలోపు సూది వేయడం అయిపోతుంది. నాకు దొరకని నరం ఆవిడకు దొరుకుతుంది. ఈ మనిషి చెయ్యి వెయ్యకూడదట! ఒళ్లు మండిపోయింది. కాగితాలు బల్ల మీద విసిరికొట్టాను. అక్క వచ్చి ఒక్కొక్కటే ఏరి, వరసగా పేర్చి పెట్టింది.

మార్చి 10

ఇరవయ్యో పేజీ చదవకుండానే నిన్నంతా చిందులు తొక్కాను. నా తెలివి ఇలాగే ఏడుస్తుంది. అందులో మినహాయింపు ఉంది. పదేళ్లు నర్సింగ్ పని చేసినట్టు స్టాఫ్ రిజిస్టర్ చూపిస్తే, చదువు లేకపోయినా పరీక్షకు కూర్చోవచ్చు. పరీక్ష అయ్యేదాకా తాత్కాలిక అనుమతి కూడా ఇస్తారు.

అక్కకు చెప్పాను. ఈ వయసులో నాకు పరీక్షేంటి డాక్టరమ్మా అని నవ్వింది. సాయంత్రం చూస్తే సంచిలోంచి కొత్త నోట్‌బుక్ తొంగి చూస్తోంది. అట్ట కూడా వేసుకుంది.

మార్చి 21

రిజిస్టర్ పేజీలు అప్‌లోడ్ చేద్దామని బీరువా తెరిచాను.

పదకొండేళ్ల కింద ఒక ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని కబురొచ్చింది. సర్టిఫికెట్ లేని నర్సు ఉండకూడదని అప్పుడూ రూలు ఉండేది, అడిగేవాడే లేడు. అడిగితే అక్క ఉద్యోగం పోతుందని నేను అతితెలివికి పోయి, ఆవిడ పేరు ఎదురుగా క్లీనింగ్ అని రాశాను. ఇన్‌స్పెక్టర్ రానే లేదు. నేను మాత్రం ఏటా కొత్త రిజిస్టర్‌లోకి ఆ మాటే ఎక్కిస్తూ వచ్చాను. నూట ముప్ఫై రెండు నెలలు. నర్సు అని ఉన్నది అంతకుముందు ఎనిమిదేళ్లే, పదికి చాలవు. ప్రతి నెలా పక్కనే అక్క సంతకం.

మార్చి 22

చెప్పాను. తెలుసు డాక్టరమ్మా అంది. ప్రతి నెలా చదివే సంతకం పెట్టిందట. మీరే రాశారు కదా, ఏదో కారణం ఉంటుందనుకున్నాను అంది.

తిట్టినా బావుండేది.

మార్చి 26

మరిది ప్లీడరు. ఆదివారం పూట లాగి కూర్చోబెట్టాను. వదినా, అవే రిజిస్టర్లు కొత్తవి కొని తిరగరాసేయండి, ఎవడు చూడొచ్చాడు అన్నాడు. టీకాల పుస్తకాలున్నాయి కదా, పంతొమ్మిదేళ్లుగా ప్రతి సూదీ అక్క చేతిరాతలోనే ఉందన్నాను. అతని మొహం మాడిపోయింది. వాటిని బయటికి తియ్యొద్దు, ఆవిడ నర్సని అవి రుజువు చేస్తాయి గానీ, మీరు తప్పుడు రిజిస్టర్ రాశారని కూడా అవే రుజువు చేస్తాయి, తీస్తే మీ లైసెన్స్ మీద ఆశ వదులుకోండి అన్నాడు.

మార్చి 29

సిగ్గు లేకుండా రాసుకుంటున్నాను. కొత్త రిజిస్టర్ కొన్నాను. మొదటి మూడు నెలలు తిరగరాసి అక్క ముందు పెట్టాను. పెన్ను తీసుకుంది, మళ్లీ పెట్టేసింది. అప్పుడూ నన్ను కాపాడ్డానికే రాశారు డాక్టరమ్మా, ఇప్పుడూ అంతేనా అంది. వెళ్లి స్టెరిలైజర్‌లో నీళ్లు మార్చింది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీలేదు. అటెండర్ మీద అరిచాను.

ఏప్రిల్ 2

ఆ మూడు పేజీలూ చింపేశాను.

ఏప్రిల్ 7, ఉదయం 11

టీకాల పుస్తకాలు రెండు అట్టపెట్టెల్లో సర్ది ఆరోగ్యశాఖ ఆఫీసుకు తీసుకెళ్లాను. పైన నా ఉత్తరం. రిజిస్టర్ అబద్ధం, పుస్తకాలు నిజం, తప్పు నాది, ఆవిడది కాదు అని నాలుగు వాక్యాలు. ఆఫీసరు రెండుసార్లు చదివాడు. మీ మీద మీరే ఫిర్యాదు ఇస్తున్నారా మేడమ్ అన్నాడు. అవునన్నాను. ఫిర్యాదు చేసేవారు, ఫిర్యాదు ఎవరి మీద, రెండు చోట్లా ఒకే పేరు ఇస్తే పోర్టల్ తీసుకోదన్నాడు. చివరికి కాగితం మీదే తీసుకుని ముద్ర వేశాడు.

పెట్టెలు దించి వస్తుంటే భుజాలు లాగేశాయి. భయం కూడా వేసింది. పాతికేళ్ల ప్రాక్టీసు.

ఏప్రిల్ 30

ఏ కబురూ లేదు. అక్క మధ్యాహ్నాలు మందుల గది గుమ్మంలో కూర్చుని పైకి చదువుతోంది. తప్పు చదివిన చోట నేను లోపల్నుంచి అరిచి దిద్దుతున్నాను. పేషెంట్లు కూడా నేర్చుకుంటున్నారు.

మే 24

రెండు ఉత్తరాలు ఒకే కవరులో వచ్చాయి. వీళ్ల పొదుపు తగలెయ్య.

ఒకటి అక్కకు. తాత్కాలిక అనుమతి, ఆగస్టులో పరీక్ష. రెండోది నాకు. జూన్ ఒకటి నుంచి మూడు నెలలు లైసెన్స్ సస్పెన్షన్. పేషెంట్‌ని నేను ముట్టుకోకూడదు. అక్క తన ఉత్తరం మడిచి పక్కన పెట్టి నాది చదివింది. చదివి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు. పక్క వీధి పిల్లల డాక్టరు మూడు నెలలూ తను వచ్చి కూర్చుంటానన్నాడు.

జూన్ 2, ఉదయం 8

క్లినిక్ ఊడ్చాను. తడిగుడ్డ పెట్టాను. రిజిస్టర్ తెరిచి నా పేరు ఎదురుగా క్లీనింగ్ అని రాసి సంతకం పెట్టాను.

సూదక్క చదివింది. బీరువా కింద తుడవలేదు డాక్టరమ్మా అంది.