అయిపోయింది, లేవండి

అక్కా,

నాన్న స్టూడియోలోని రేకు డబ్బా పంపమని నీ ప్రాణం తీశాను కదా, ఇక పంపొద్దు.

ఫొటో తీసి నాన్న "అయిపోయింది, లేవండి" అనగానే జనం ఊపిరి వదిలేవాళ్లు. సరిగ్గా అప్పుడు ఇంకో ఫొటో నొక్కేవాడు. ఆ ఫొటోలన్నీ ఆ డబ్బాలోనే దాచాడు. నేను ఏ ఫొటో తీసినా అందరూ "ఎక్కడో చూసినట్టుందే" అంటున్నారని, వాటిని చూసి తీద్దామనుకున్నాను. నా బుద్ధి తెలుసుగా!

నిన్న నా దగ్గరికి ఒక ముసలి జంట ఫొటోకి వచ్చింది. "అయిపోయింది" అన్నాను. పెద్దాయన వంగి, ఆవిడ చెప్పులు వెతికి కాళ్ల దగ్గర పెట్టాడు. నా వేలు దానంతటదే నొక్కేసింది. అలాంటి ఫొటో నేనెక్కడా చూడలేదక్కా.

డబ్బాలో అమ్మది ఒకటుంటుంది, కెమెరా వెనకున్న నాన్నను చూస్తూ. అదొక్కటీ పంపు. కాపీ కొడతానని భయపడకు. నన్నెవరూ అలా చూడరులే.

నీ తమ్ముడు