వందేళ్ల కంపెనీ, అక్క సంచులు

17 సెప్టెంబర్ 2018

యుగంధర్ సార్ వైజాగ్ నుంచి ఫోన్ చేశారు. ఆయన మా ఏరియా మేనేజర్. వచ్చే నెల 27న శ్రీకాకుళంలో కంపెనీ వందేళ్ల ఫంక్షన్ ఉందట. పేషెంట్లూ వాళ్ల ఇంటివాళ్లూ డాక్టర్లూ వస్తారట. హాల్వెర్ హెల్త్‌కేర్ చరిత్రను తెలుగులో చెప్పాలట. చెప్పాల్సింది నేనట. ఇంగ్లీషు పుస్తకం మెయిల్‌లో పంపారు. నిండా రంగు ఫొటోలు.

స్టేజి అంటే భయం సార్ అన్నాను. పల్లెపల్లెకీ తిరిగి, పొట్టలో గొట్టం పెట్టుకున్న వాళ్లకు ధైర్యం చెప్పే అమ్మాయికి మైకంటే భయమా అని నవ్వారు.

కిడ్నీ జబ్బు భయం వేరు. దానితో పుట్టి పెరిగాను.

20 సెప్టెంబర్

మొదటి పేజీ బాగుంది. 1918. ఎక్కడో మంచు కురిసే దేశంలో చిన్న ఊరు. ఎరిక్ హాల్వెర్ అనే ఆయనకు మందుల షాపు ఉండేది. భార్య పురిటిలో చనిపోయింది. వాడిన గుడ్డ శుభ్రంగా లేకపోవడం వల్లే అని డాక్టరు చెప్పాడు. ఆయన షాపు వెనక గదిలో గుడ్డ పీలికలు ఉడకబెట్టి, రేకు డబ్బాల్లో మూసి, మంత్రసానులకు ఊరికే పంచడం మొదలుపెట్టాడు. అదే కంపెనీ మొదటి సరుకు.

ఈ ముక్క తెలుగులో రాస్తుంటే కళ్లు తడిశాయి. నా జీతం ఆ వెనక గది నుంచి వస్తోందన్నమాట.

25 సెప్టెంబర్

మిగతా పేజీలు చదివాను. డబ్బాల నుంచి ఫ్యాక్టరీ. గాజు సీసాల్లో సెలైన్. తర్వాత ప్లాస్టిక్ సంచులు. తర్వాత గ్లవ్స్, సిరంజీలు, కిడ్నీ మెషీన్లు. చిన్న కంపెనీలను కొనడం. సముద్రాలు దాటడం. తొంభైల్లో ఇండియాకి, 2014లో మా జిల్లాకి.

ప్రతి ఫ్యాక్టరీ ఫొటోకీ ముందు పేజీలో ఒక యుద్ధం ఉంది, లేకపోతే ఒక కలరా. ఎవరూ కావాలని అలా పేర్చి ఉండరు. జరిగింది అలాగే జరిగి ఉంటుంది. అయినా చదువుతుంటే ఒళ్లు జలదరించింది.

చివర్లో మ్యాపు. ఎక్కడెక్కడ వ్యాపారం బాగా పెరుగుతోందో ఎర్రచుక్కలు. ఆంధ్రాలో పైన, సముద్రం అంచున ఒక చుక్క. హై గ్రోత్ అని రాసుంది.

అది మా ఉద్దానం. కొబ్బరి తోటల్లో కిడ్నీలు చెడిపోయే నేల. ఎందుకు చెడిపోతున్నాయో ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. నాన్న ఆ చుక్క కిందే పోయాడు. అక్క ఆ చుక్క కిందే ఉంది.

3 అక్టోబర్

ఊరెళ్లాను. దుర్గక్క గుమ్మంలో కూర్చుని వల బాగు చేస్తోంది. ఒకప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని పలాస దాకా వెళ్లే మనిషి. ఇప్పుడు రోజంతా సంచులు మార్చుకోవడమే పని. పొట్టలోకి గొట్టం గుండా ఒక సంచి నీళ్లు ఎక్కించాలి. కొన్ని గంటలాగి దించేయాలి. ఒంట్లో విషం ఆ నీళ్లతో వచ్చేస్తుంది. దిగిన నీళ్లు తేటగా ఉంటే బతుకు. మసకగా ఉంటే లోపల చీము పడుతున్నట్టు.

దానికోసం బావ ఇంట్లో మూల గది వేరు చేశాడు. తలుపు మూయాలి, ఫ్యాన్ ఆపాలి, మాస్కు పెట్టుకోవాలి. "నా గదిలోకి నా మొగుడైనా మూతికి గుడ్డెట్టుకునే రావాల," అని అక్క అందరికీ చెప్పి నవ్వుతుంది.

చరిత్ర చదివి వినిపించాను. అంతా విని ఒకటే అడిగింది. "ఆ సచ్చిపోనామె పేరేటే?"

పుస్తకం అంతా వెతికాను. లేదు.

9 అక్టోబర్

అక్క ఇంటికి నెల సరుకు ఈరోజు వెళ్లాలి. వెళ్లలేదు. సముద్రంలో తుఫాను ఉందని యుగంధర్ సార్ బండ్లన్నీ ఆపేశారు. పేరు తిత్లీ అట. అక్క దగ్గరున్న సంచులు ఎల్లుండి దాకా వస్తాయేమో.

సార్‌ని బతిమాలాను. ఆయన పాత సంగతి చెప్పారు. హుద్‌హుద్ తుఫాను అప్పుడు ఇలాగే ఎవరో బతిమాలితే బండి పంపారట. డ్రైవరు తిరిగి రాలేదట. తుఫాను వెళ్లిన మర్నాడే పంపుతాను, నన్ను ఇంకేమీ అడగకు తులసీ అన్నారు.

ఫోన్ పెట్టేశాను.

10 అక్టోబర్, సాయంత్రం

అక్కతో మాట్లాడాను. ఊళ్లో మైకు పెట్టి స్కూల్లోకి వెళ్లమంటున్నారట. అంతమంది మధ్య సంచి ఎలా మార్చుకుంటాను, నా గదిలోనే ఉంటాను అంటుంది. వెనకాల గాలి మోత. "వస్తాది, పోతాది. నువ్వు బువ్వ తిను," అంది. లైను తెగింది.

11 అక్టోబర్

ఫోన్ మోగడం లేదు. ఎవరిదీ.

11 అక్టోబర్, నాలుగు గంటలు

తుఫాను సరిగ్గా మా ఊళ్ల మీదే ఒడ్డెక్కిందట. పలాస అవతల కొబ్బరిచెట్టు అన్నది నిలబడి లేదంటున్నారు. ఇక్కడ శ్రీకాకుళంలో వాన, అంతే. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సులు కదలడం లేదు.

యుగంధర్ సార్‌కి ఎట్టకేలకు లైను కలిసింది. సరుకు డిపో తాళం గణపతిరావు దగ్గరుంది, సంచులు తీసుకెళ్తానంటే ఆపను, వెళ్లమని మాత్రం చెప్పను అన్నారు. గణపతిరావు మా సరుకు తోలే ఆటో ట్రాలీ అతను. అడగ్గానే సరే అన్నాడు. వాళ్ల అత్తగారిది సోంపేట. ఆమె సంగతీ తెలియలేదట.

సంచుల బాక్సులు ట్రాలీలోకి ఎక్కించాం.

13 అక్టోబర్

నిన్న రాయలేకపోయాను.

నిన్న తెల్లారగానే గణపతిరావు, నేను బయల్దేరాం. టెక్కలి దాటాక హైవే మీద చెట్లు. జనమే రంపాలు తెచ్చి కోస్తున్నారు. కోసినంత మేర కదలడం, ఆగడం. ప్రతిచోటా ఎవరో ఒకరు ట్రాలీలోకి తొంగి చూసి తాగే నీళ్లా అని అడిగారు. ఒకచోట నలుగురు బాక్సుల మీద చేతులేశారు. తాగే నీళ్లు కావు, కిడ్నీ సంచులు అన్నాను. ఆ మాట వినగానే చేతులు తీసేశారు. అందులో ఒకాయన దారి ఖాళీ చేయమని ముందు పరిగెత్తాడు. ఇక్కడ ఆ మాట ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

పలాస తర్వాత ట్రాలీ వెళ్లలేదు. బాక్సులు నెత్తిన పెట్టుకుని నడిచాం. తోటల్లో నడుస్తున్నట్టు లేదు. చెట్లన్నీ ఒకే వైపు పడుకుని ఉన్నాయి. నేను పుట్టిన ఊరికి నాకే దారి తెలియలేదు. మధ్యలో ఒక ముసలాయన పడిన చెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

దాలయ్య బావ ఎదురొచ్చాడు. నన్ను చూసి నడిరోడ్డు మీద కూలబడ్డాడు. అక్క పోయిందనుకున్నాను. బావ చెయ్యి ఊపాడు. "ఉన్నాదమ్మా. ఉన్నాది. బేగి రా."

ఇంటికి పైకప్పు లేదు. రేకులు ఎక్కడికెగిరిపోయాయో తెలియదు. మూల గదిలో గోడలున్నాయి, పైన ఆకాశం ఉంది. అక్క ముఖం ఉబ్బిపోయి ఉంది. ఆయాసం. మాట్లాడితే రెండు మాటలకు ఒకసారి ఆగుతోంది. చివరి సంచి తుఫాను మధ్యలో మార్చుకుందట. బావ టార్పాలిన్ పట్టుకుని మీద వంగి నిలబడ్డాడట. చేతులు కడుక్కుందామంటే బావి నీళ్లలో సముద్రం ఉప్పు కలిసిపోయింది. వాన నీళ్లతోనే కడుక్కుందట.

"ఏటి సెయ్యమంతావు? మార్చకపోతే సస్తాను. మార్చినా సస్తానేమో. మార్చీసినాను," అంది.

కొత్త సంచి పెట్టాం. గణపతిరావు అప్పటికే సోంపేట వైపు నడిచి వెళ్లిపోయాడు.

13 అక్టోబర్, సాయంత్రం

పక్క పేట నుంచి గున్నమ్మ వచ్చింది. ఆమె కూడా నా పేషెంటే. నేను బాక్సులు మోసుకెళ్లడం చూశామని ఎవరో చెబితే నడిచొచ్చిందట. ఆమెకూ సరుకు రాలేదు. నాకు అక్క ముఖం చూడటానికి భయమేసింది. మళ్లీ బండి ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?

అక్కే చెప్పింది. "సగం ఇచ్చీవే. పిల్లలున్నోల్లు."

ఫోన్ సిగ్నల్ ఒక్క నిమిషం వచ్చి పోయింది. సార్ మెసేజ్. హైదరాబాద్ ఆఫీసు వాళ్లు ఫంక్షన్‌లో వేయడానికి ఫొటో అడుగుతున్నారట. పడిన చెట్లు, బాక్సులు, నవ్వుతున్న పేషెంటు. గున్నమ్మకు చదివి చెప్పాను. "నవ్వమంతన్నారేటి? ఇల్లెగిరిపోనాదని సెప్పు. వొచ్చి కప్పితే నవ్వుతాను," అంది. తర్వాత నిజంగానే నవ్వేసింది. అక్క కూడా. ఆయాసపడుతూ నవ్వింది.

ఫొటో తీయలేదు.

14 అక్టోబర్

నీళ్లు తేటగానే ఉన్నాయి. సంచిని వెలుతురుకి ఎత్తి, అవతల నా వేళ్లు కనిపిస్తున్నాయా అని చూశాను. కనిపిస్తున్నాయి.

15 అక్టోబర్, ఉదయం

వేళ్లు సరిగ్గా కనిపించడం లేదు. పొద్దు ఇంకా ఎక్కలేదు కదా, అందుకే అయ్యుంటుంది.

15 అక్టోబర్, పదకొండు

ఎండ వచ్చింది. మసకే.

17 అక్టోబర్, విశాఖ

మంచం, తలుపు చెక్క, ట్రాక్టర్, అంబులెన్స్. అలా అక్కను ఆసుపత్రికి తెచ్చాం. దారిలో ఏం జరిగిందో రాయలేను. అక్కకు చలిజ్వరం. పళ్లు టకటకలాడుతున్నాయి. పొట్ట ముట్టుకోనివ్వడం లేదు. డాక్టరు మంచివాడు. ఇన్ఫెక్షన్ లోపలంతా పాకిందన్నాడు. ముందే వచ్చి ఉంటే అన్నాడు. ఎలా రావాలో చెప్పలేదు.

పుస్తకంలోని ఆ పేరు లేని ఆమె గుర్తొస్తోంది. గుర్తు రావద్దు.

18 అక్టోబర్

దసరా. అక్క స్పృహలో లేదు. బావ వరండాలో నిలబడే ఉన్నాడు. కూర్చుంటే ఏదో అవుతుందని భయమట.

20 అక్టోబర్

గొట్టం తీసేశారు. ఇక పొట్ట ద్వారా కుదరదు. మెడ దగ్గర ఇంకో గొట్టం వేసి మెషీన్ మీద రక్తం కడుగుతున్నారు. మెషీన్ మీద మా కంపెనీ పేరు. చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను.

సాయంత్రం అక్క కళ్లు తెరిచింది. "వల సగంలో ఒగ్గీసినాను," అంది.

వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను.

26 అక్టోబర్

రేపు ఫంక్షన్లో నేను చదవాల్సిన మాటలు ఫైనల్ చేసి పంపారు. చివరి పేరా హైదరాబాద్ వాళ్లది. తిత్లీ తుఫానులో ఒక్క పేషెంటుకు కూడా సంచి అందకుండా పోలేదని నేను చదవాలి.

నా కాంట్రాక్టు డిసెంబర్ దాకా. అక్కకు మందులున్నాయి. బావకు పడవ లేదు, వల లేదు. ఇవన్నీ ఆలోచించి చదివేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

27 అక్టోబర్

హాలు నిండా జనం. వెనక గది, గుడ్డ పీలికలు, గాజు సీసాలు, సముద్రాలు దాటడం, అన్నీ చెప్పాను. డాక్టర్లు చప్పట్లు కొట్టారు. చివరి పేరా దగ్గరకు వచ్చాను. మొదటి వరసలో గున్నమ్మ ఉంది. కొత్త చీర కట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, నేను చెప్పేదంతా నమ్ముతూ వింటోంది.

చదవలేకపోయాను. తుఫానుకు ముందు బండి ఆగింది, మా అక్కకు సంచులు అందలేదు అన్నాను. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే మైకు లేకపోతే నాకే వినిపించేది కాదు.

గున్నమ్మ లేచింది. "నాకూ రానేదు బాబూ. ఈ పిల్ల నెత్తి మీదెట్టుకోని మోసుకొచ్చినాది," అంది. వెనకాల ఇంకెవరో లేచారు. తర్వాత ఇంకొకరు. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్దాయన పెన్ను తీసి, మూత పెట్టి, మళ్లీ తీశాడు.

యుగంధర్ సార్ మెట్ల దగ్గర ఆపారు. తిడతారనుకున్నాను. నువ్వు చెప్పింది నిజమే, కానీ రేపు మళ్లీ తుఫాను వచ్చినా నేను బండి పంపను అన్నారు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను ఆయన్ని ద్వేషించలేను. అదే కష్టంగా ఉంది.

31 అక్టోబర్

మెయిల్. ఇకనుంచి తుఫాను నెలల్లో పేషెంట్ల ఇళ్లలో అదనంగా సరుకు ఉంచుతారట. పలాసలో చిన్న డిపో తెరుస్తారట. కింద ఇంకో మెయిల్. డిసెంబర్ తర్వాత నా కాంట్రాక్టు పొడిగించరట.

రెండూ ఒకే నిమిషంలో వచ్చాయి. దేన్ని ముందు చదివానో గుర్తు లేదు. బావకు మాత్రం మొదటిదే చెప్పాను.

10 నవంబర్

పలాసలో అక్కకు డయాలసిస్ చేయించి ఇద్దరం ఊరి బస్సెక్కాం. నా భుజం మీద నిద్రపోయింది. ఊపిరి వస్తోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ ఉన్నాను. వెచ్చగా తగులుతోంది. మా స్టాపు వచ్చింది. లేపలేదు. బస్సు కదిలింది. ఎక్కడిదాకా అని కండక్టర్ అడిగాడు. మెల్లగా మాట్లాడమన్నాను.