దేవదానం పాస్టరు సన్మానానికి పోతాండాను

వినోదూ, సంగటి గిన్నెలో ఉండాది, తిను. సాయంత్రం పాపను బడికాడ నించి నువ్వే పిలుచుకొని రా.

నేను మదనపల్లెకు, దేవదానం పాస్టరు రిటైర్మెంటు సన్మానానికి పోతాండాను. మన సంఘం కమిటీవాళ్ళెవరూ పోకూడదని రాత్రి అరిచినావు. నేను కమిటీ కాదు. "మన బాప్తిస్టు సంఘం బియ్యాన్ని ఆయన కుప్పం కాడ ఏనుగులు పంట తొక్కిన రైతులకు పంచినాడు, వాళ్ళు మనోళ్ళా?" అంటివే. చంటిబిడ్డప్పుడు నీకు ఫిట్సొస్తే, నిన్ను వీపుకు కట్టుకొని పుంగనూరు నించి మదనపల్లె ఆస్పత్రికి సైకిలు తొక్కినాడప్పా ఆయన. అప్పుడు మనం ఆయన సంఘమా? మీ నాయన అప్పుడు గంగమ్మ జాతరలో పలక డప్పు కొడతా ఉండె. ఈ మాట నేనే స్టేజీ ఎక్కి మైకులో చెప్పేదాకా ఇంటికి రాను. ఫోను చెయ్యద్దు.

అమ్మ

బీరువాలో నీ శాలువా కోసం వెతకద్దు. కమిటీలో చేరినప్పుడు నీకు కప్పినారే, అదే. ఆయనకు కప్పేదానికి తీసుకుపోతాండాను.