కండక్టర్ గారి కుర్చీ

మలుపులో ఉన్న సెలూన్ యజమానినీ, వీధిలో చిన్నా పెద్దా 'కత్తెర మామయ్య' అని పిలిచేవాడినీ అయిన నేను, నా భార్యకూ, కూతురికీ, అల్లుడికీ, వీరితోపాటు నా కస్టమరు ఒకరికీ తెలియజేస్తూ రాయించిన వీలునామా ఏమనగా:

నా బుద్ధి స్థిరంగా ఉంది. బతుకంతా తలలు చూసినవాడిని కనుక నా తల గురించి ఈ మాత్రం పూచీ పడగలను. వణుకు చేతులకే. అందుకే నేను చెబుతుంటే లేఖరి గారు రాస్తున్నారు. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలిగిన మనిషి మా ఆవిడ ఒక్కతే. ఆవిడ ఇప్పుడు కూరగాయలకు వెళ్లింది.

1. నా స్వార్జితమైన రెండు గదుల ఇల్లు, వంటిల్లు, పెరడు నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందాలి. ఆవిడ మాటకు ఎవరూ అడ్డు రాకూడదు. అడ్డొచ్చి నెగ్గినవాడిని నేను ఇంతవరకు చూడలేదు, నాతో సహా.

2. సెలూన్ గది, అద్దాలు, కొత్త కుర్చీ, కత్తెరలు, మిషన్లు అన్నీ నా కూతురికి. పని నా దగ్గరే నేర్చుకుని నన్ను మించిపోయింది. ఆడపిల్ల కత్తెర పడితే ఎవరొస్తారని నోళ్లు నొక్కుకున్నవాళ్లే ఇవాళ బెంచీ మీద ముందు నేనంటే నేనని తోసుకుంటున్నారు. ఈ వీలునామాను అమలు జరిపించే బాధ్యత కూడా తనదే. అయితే పాత కుర్చీ ఈ లెక్కలోకి రాదు. దాని సంగతి నాలుగో నిబంధనలో ఉంది.

3. అల్లుడు గారికి నా రేడియో. మంచివాడు, అమ్మాయిని బాగా చూసుకుంటాడు. కాకపోతే పాత కుర్చీ తీసేసి అక్కడ తల కడిగే తొట్టి పెట్టాలని ఆయన కోరిక. వారం వారం టేపు తెచ్చి ఆ చోటు కొలుస్తున్నాడు. నేను చూడలేదనుకుంటున్నాడు. ఎదురుగా అద్దమున్న గదిలో వీపు వెనక జరిగేది కూడా కనబడుతుందని ఆయనకు ఇంకా తట్టలేదు.

4. కిటికీ పక్కనున్న ఆ పాత కుర్చీలో కూర్చునే హక్కు రిటైరైన బస్సు కండక్టర్ గారికి రాసి ఇస్తున్నాను. ఎత్తుకుపోయే హక్కు లేదు, కూర్చునే హక్కే. ఆయన తనంతట తాను రావడం మానేదాకా ఆ కుర్చీని ఎవరూ కదపకూడదు.

బోడిగుండుకీ మోకాలికీ ముడి పెడుతున్నానని లేఖరి గారు నా వంక చూస్తున్నారు. మోకాలి సంగతి తెలియదు గానీ ఇందులో బోడిగుండు మాత్రం ఉంది. నన్ను చెప్పనివ్వండి.

మాకు చుట్టరికం ఏమీ లేదు. అయినా ఒకరినొకరం బావా అనుకుంటాం. మొదట్లో ఆయన జుట్టు ఎంత ఒత్తంటే, దువ్వెన పళ్లు విరిగేవి. టికెట్లు రాసే పెన్సిలు అందులోనే గుచ్చుకుని, పెన్సిలేదని బస్సంతా వెతికేవాడు. తర్వాత చివరి స్టాపు దగ్గర పడ్డ బస్సులా ఆ తల ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి చెవుల వెనక నాలుగు పోచలు మిగిలాయి. ఆ రోజు కూడా ఆయన ఎప్పటిలాగే కూర్చుని, మెడ చుట్టూ గుడ్డ కట్టించుకుని, పైన కొంచెం పలచన చెయ్యమన్నాడు.

నవ్వు గొంతుదాకా వచ్చింది, మింగేశాను. నున్నటి తలకు కాస్త ఎత్తున గాలిలో కత్తెర ఆడించడం మొదలుపెట్టాను. టకటకమని చప్పుడు వస్తుంటే కళ్లు మూసుకుని హాయిగా విన్నాడు. తర్వాత వెనక అద్దం పట్టి చూపించాను. అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా చూసుకుని, బస్సులో అన్నట్టే "రైట్ రైట్" అన్నాడు. ఆ మాట విన్నాకే గుడ్డ విప్పాను. అప్పట్నుంచీ మా ఇద్దరి మధ్య అదే పద్ధతి.

తర్వాత నా చేతులకు వణుకొచ్చింది. నా కస్టమర్లు ఒక్కొక్కరే అమ్మాయి కుర్చీ వైపు జరిగారు. వాళ్లను తప్పుపట్టను, ఎవరి చెవులు వాళ్లకు ముద్దు. ఒకనాడు అమ్మాయి మంచికే, "కండక్టర్ మామయ్యా, ఇటు రండి, ఈ కుర్చీ ఖాళీగా ఉంది" అంది. ఆయన పాత కుర్చీలోంచి లేవకుండా చెప్పాడు: "నా జుట్టు తీరు మీ నాన్నకే తెలుసమ్మా."

బెంచీ మీదున్నవాళ్లంతా ఆయన తల వంక చూశారు. ఇస్త్రీ బండి అతను ఆపుకోలేక నవ్వాడు. నేను కిటికీ వైపు తిరిగాను. నాకు ఏడుపొచ్చింది. అడిగినవాళ్లకు సబ్బు నురగ కంట్లో పడిందన్నాను. జుట్టు లేని తల మీద వణికే చెయ్యి చెడగొట్టేది ఏమీ ఉండదు. నాకు పని లేకుండా పోకూడదని ఆయన తన తల తెచ్చి నా చేతికి ఇస్తున్నాడు. ఈ సంగతి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఇప్పుడూ మాట్లాడుకోం, అందుకే ఇక్కడ రాయిస్తున్నాను.

మొన్న ఆ నాలుగు పోచలు సవరించబోతే ఆయన చెవి అంచు తెగింది. పటిక అద్దాను. ఆయన ఇంటికెళ్లి పిల్లి గీరిందని చెప్పాడట. వాళ్లింట్లో పిల్లి లేదు. ఆ పిల్లి ఎవరిదో కనుక్కోవడానికి వాళ్లావిడ నా దగ్గరికే వచ్చింది. నాకు తెలిసిన పిల్లేనన్నాను.

కాబట్టి నా తర్వాత అమ్మాయి ఆయనకు ఇదే పద్ధతిలో కత్తెర ఆడించాలి. తొందరపడకూడదు. అద్దం చూపించాలి. పైన ఏమీ లేదని పొరపాటున కూడా అనకూడదు. ఆయన రావడం మానేశాక ఆ చోటు అల్లుడు గారి టేపుకు దఖలు పడుతుంది.

5. కండక్టర్ గారి మీద నాకొక పాత కోపం ఉంది. ఆయనకు జుట్టున్న రోజుల్లో, నేను జ్వరంతో పడుంటే, గాజు తలుపుల సెలూన్‌కు వెళ్లొచ్చాడు. వాళ్లావిడ కత్తిరించిందని నాతో చెప్పాడు. మెడ వెనక గీత చూడగానే ఎవరి పనో తెలిసిపోయింది. ఇందుమూలంగా ఆయన్ని క్షమిస్తున్నాను. ఆ గీతను మాత్రం క్షమించలేను.

6. ఈ నిబంధనను నేను పోయిన పూటే చదవాలి. మిగతావి తీరిగ్గా చదువుకోవచ్చు.

నా మొదటి గడ్డం కత్తి, సాన, పటిక ముక్క కండక్టర్ గారికి. దాంతోపాటు ఒక పని. నాకు చివరిసారి గడ్డం ఆయనే గీయాలి. అమ్మాయి తాను గీస్తానంటుంది, వద్దు. దానికి కళ్లనిండా నీళ్లుంటాయి, కత్తి సాగదు. కండక్టర్ గారు ఇంతవరకు ఒకరికి గడ్డం గీసి ఎరగడు. అయినా గోతుల రోడ్డు మీద పోయే బస్సులో నిలబడి, ఒలక్కుండా టీ తాగిన మనిషి, గీయగలడు. ఎక్కడైనా తెగితే కంగారుపడొద్దు, నేను అరవను. ఆ చెవికి ఈ చెంప చెల్లు.

సాక్షి సంతకం తాను పెడతానని ఆయన పొద్దున్నే వచ్చాడు. ఇందులో ఏదైనా ముట్టేవాడు సాక్షి కాకూడదని లేఖరి గారు బయటికి పంపేశారు. తనకేం ముడుతోందని ఆయన అడిగితే, గడ్డం పని అన్నాను. తనకే గీస్తాననుకుని గడ్డం నిమురుకుంటూ బెంచీ మీద కూర్చున్నాడు. ఇంకా అక్కడే ఉన్నాడు.

పని అయ్యాక నాకు అద్దం చూపించనక్కర్లేదు. ఆయన వంగి నా చెవి దగ్గర "రైట్ రైట్" అనాలి. ఆ మాట అనేదాకా నా మెడ మీది గుడ్డ తీయకూడదు, నన్ను అక్కణ్ణుంచి ఎత్తకూడదు. ఎంతసేపైనా సరే, ఆయనకు గొంతు పెగిలేదాకా అందరూ ఆగాలి. ఆయన చెబితేనే నేను కదులుతాను.

ఇంతకుముందు నేను మరే వీలునామా రాయలేదు. ఇది చదివి వినిపించగా విని, నా మాటలే ఉన్నాయని ఒప్పుకుని సంతకం చేశాను. సంతకం వంకరగా ఉంది, అయినా అది నాదే.

తేదీ: 14 ఆగస్టు 2018, మంగళవారం, సెలూన్‌కు సెలవు.

(సంతకం) కత్తెర మామయ్య

సాక్షులు:
1. సెలూన్ పక్కన ఇస్త్రీ బండి అతను (నాలుగో నిబంధనలో నవ్వినవాడు)
2. ఎదురుగా మందుల షాపు ఆవిడ

రాసినవారు: దస్తావేజు లేఖరి