సుధ జుట్టులో అలలు

ఫిబ్రవరి 9, ఆదివారం, ఆదోని.

దుప్పట్లు ఉతికాను. కందులు ఎండబోశాను. జొన్నలు పిండి పట్టించాను. సుధకు తలంటాను.

రేపు పార్లర్‌కు పోయి జుట్టు స్ట్రెయిట్‌నింగ్ చేయించుకుంటానని వారం నుంచి నా కూతురు సుధది ఒకటే పట్టు. "ఈ పిచ్చుకగూడు నాకొద్దుమ్మా" అంటుంది. ఆ వేడికి అంత మెత్తటి జుట్టు ఏమైపోతుందోనని నాకు బెంగ.

ఎమ్మిగనూరు నుంచి నా చెల్లెలు లక్ష్మి వచ్చింది. మగ్గం నేతలో చెయ్యి తిరిగిన మనిషి. ఎప్పటిలాగే నేను సుధ తల తువ్వాలుతో గట్టిగా తుడిచి, ఆరాక సన్నపళ్ల దువ్వెన తీశాను. లక్ష్మి నా చెయ్యి పట్టుకుంది.

"ఓ యక్కా, నూలును ఎవురన్నా ఎండినాక దువ్వుతారా? తడి మీదనే గంజి పెట్టి సాపు సేయల్ల."

జుట్టు మళ్లీ తడిపింది. వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీసి, అవిసె గింజలు ఉడికించిన జిగురు పూసి, పాత నూలు చీర ముక్కతో మెల్లగా ఒత్తి వదిలేసింది.

సాయంత్రం మిద్దె మీద ఆ జుట్టు ఆరుతూ ఆరుతూ ఒక్కో పాయా ఒంపు తిరిగింది, గాలికి జొన్నచేను వంగినట్టు. చూస్తూ కూర్చుండిపోయాను. కింద కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో లెక్కే తప్పింది.

సుధ అద్దం వదల్లేదు. "ఇది నా జుట్టేనామ్మా? ఇన్నేండ్లు ఎండినాక దువ్వి దువ్వి నువ్వే పాడు జేసినావు గదా!"

నవ్వుతూనే అంది. "తప్పు నాదే తల్లీ" అన్నాను. పార్లర్‌కు తనే ఫోన్ చేసి రానని చెప్పింది.

వానాకాలంలో ఈ ఒంపులు ఇలాగే ఉంటాయో, ఉండవో...

పదహారేళ్లుగా ఆ పిల్లకు 'తప్పు నాదే' అన్న మాట బాకీ ఉన్నానని నాకే తెలియదు. ఈ రోజుతో తీరింది.