గడ్డికి కట్టిన కంచె

వదినగారికి నమస్కారాలు.

మన ఊరి కొండవాలులో మేత ఎలా ఉందో చూసి మా ఆఫీసుకు రాసే పని ఈసారి నా మెడకే చుట్టుకుంది. మొన్న వచ్చినప్పుడు మీరు ఇంట్లో లేరు. వాలు మధ్యలో చిన్న కంచె కట్టి, అన్నయ్యకు చెప్పి వచ్చాను. ఆయన ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తాడు కనుక మీకు రాస్తున్నాను.

కంచె లోపల గొర్రెలు మేయకూడదు. బయట మామూలే. వానలు వెలిశాక లోపలి గడ్డికీ బయటి గడ్డికీ తేడా చూస్తాం. బయట నేల మరీ బోసిపోయి ఉంటే వాలుకు ఏడాది విశ్రాంతి ఇవ్వాలి. లేదంటే గడ్డి వేళ్లతో సహా చచ్చి, మన మందకు ముళ్లకంపే మిగులుతుంది.

మీ మరిది

తా.క.: కంచె గడ్డి కోసం. దయచేసి గడ్డి కోసమే.

*

మరిదికి ఆశీస్సులు.

నీ కంచె భలే అక్కరకొచ్చిందయ్యా! మన పొట్టేలు ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ పొడుస్తోంది. పోస్ట్‌మ్యాన్‌ను చెట్టెక్కించింది. దాన్ని నీ కంచెలో పెట్టాం. జనం నీ పేరు చెప్పుకుని హాయిగా తిరుగుతున్నారు.

మీ వదిన

తా.క.: లోపలి గడ్డి అయిపోయింది. మళ్లీ ఎప్పుడు వేస్తావు?

*

వదినా, మీకు పుణ్యముంటుంది!

ఆ పొట్టేలును బయటికి తోలండి. కంచె లోపల ఏమీ ఉండకూడదు. పొట్టేలొద్దు, కోడొద్దు, మా అన్నయ్య కూడా వద్దు! వానలు ఇంకా ఉన్నాయి కాబట్టి గడ్డి మళ్లీ లేస్తుంది. మా పై అధికారి స్వయంగా చూడటానికి వస్తున్నారు. నా పరువు మీ చేతుల్లో ఉంది.

మీ మరిది

తా.క.: ఆయన దగ్గర చుట్టరికం ఎత్తకండి.

*

మరిదికి ఆశీస్సులు.

ఏమీ ఉండకూడదన్నావుగా, పొట్టేలును తోలేసి, మొలిచిన గడ్డిని కూడా వేళ్లతో సహా పీకించాం. నేల అద్దంలా ఉంది. మీ అధికారి వచ్చి చాలాసేపు చూశారు. చుట్టరికం ఎత్తలేదు. కంచె ఎవరు కట్టారంటే, "ఎవరో తెలీదండీ, కాస్త తిక్క మనిషిలా ఉన్నాడు" అన్నాం.

మీ వదిన

తా.క.: ఆయనా అవునన్నారు.

*

వదినా,

తల ఏ గోడకు కొట్టుకోవాలో తెలియడం లేదు. కంచె లోపల గడ్డిపోచ లేదట, బయట అక్కడక్కడా ఉందట, కాబట్టి గొర్రెలు మేస్తేనే గడ్డి మొలుస్తుందట! మరిన్ని గొర్రెల్ని తోలుకోమని మా అధికారి రాసిపారేశారు. నా మాట వినే దిక్కు లేదు. చిన్నప్పుడు నేను దొర్లి ఆడుకున్న వాలు అది. వచ్చే ఏటికి రాళ్లగుట్ట అవుతుంది. మీరైనా ఆలోచించరా?

మీ మరిది

తా.క.: రాసే ఓపిక లేదు.

*

మరిదికి ఆశీస్సులు.

అక్క కాలు విరిగితే వెళ్లి, వానాకాలమంతా అక్కడే ఉండిపోయాను. నిన్ననే వచ్చాను. పిండి డబ్బా వెనక నీ ఉత్తరాలు దొరికాయి. నా పేరుతో నీకు జవాబులు రాసిందెవరయ్యా? మీ అన్నయ్య చేతిరాత నీకు తెలీదా? కోపంలో అక్షరాలు చూసుకుని ఉండవు. నిలదీస్తే, "వాలు మూసేస్తే మంద ఏం తింటుందే? భయమేసింది" అని నేలచూపులు చూశారు.

పొద్దున్నే ఇద్దరం వాలెక్కాం. గడ్డి ఇలా పట్టుకుంటే అలా ఊడొచ్చింది. ఆ పిడికెడు గడ్డితో మీ అన్నయ్య అక్కడే కూలబడ్డారు. మీ అధికారి హుకుం మీ ఆఫీసులో ఉంచుకోండి. మా మందకు నేను చెప్పిందే చట్టం. ఏడాదిదాకా ఆ వాలు మీద గిట్ట పడదు. పొలం గట్ల మీద మేత కోసి తెచ్చే పని మీ అన్నయ్యది. ఇప్పుడే మోపు దించి నడుం పట్టుకుని మూలుగుతున్నారు.

మీ అసలు వదిన

తా.క.: నీకు కోపం తగ్గిందేమో కనుక్కోమంటున్నారు. ఈసారి తమ పేరుతోనే రాసుకోమన్నాను.