మూడో అంతస్తుకి ముక్కు

పిన్నికి,
దూరం నుంచే దండం.

ఎప్పుడు ఏది మూస్తారో తెలియని ఈ రోజుల్లో, తలుపులు మూసుకున్న ఆర్ట్ గ్యాలరీవాళ్ళు నాకు కమిషన్ ఇచ్చారు. మాస్కుల్లేని మనుషుల మొహాలు చూసి ఎన్నాళ్ళయిందో కదా, అందుకని ఒక మొహం గీశాను. ఆన్‌లైన్‌లో పెట్టారు. చూసేవాళ్ళు లేకపోతే నెలాఖరుకి తీసేస్తారు, ఇంకో పని ఇవ్వరు. ఇక నాన్న పరుపుల కొట్టే గతి.

నీకోసం పెద్ద ప్రింటు తీయించి పంపుతున్నాను. మీ బిల్డింగులో అందరికీ షేర్ చెయ్యి.

నీ అక్క కొడుకు

తా.క. మొహం ఎవరిదని అడక్కు. ఎవరిదీ కాదు.

*

ఒరే అబ్బాయీ,
చల్లగా ఉండు.

ఎవరిదీ కాదంటావుగానీ, ఆ గడ్డం అచ్చం మీ మేనత్తదే. ఇల్లు చూపించినవాడు తీసుకునేదీ కమిషనే. బ్రోకరు పనిలోకి ఎప్పుడు దిగావురా? మీ నాన్నకి చెప్పలేదులే.

షేరంటే వాటా అని నాకూ తెలుసు. ఇన్నేళ్ళు బట్టలు కుట్టిన చెయ్యి, నూలుపోగంత తేడా రానిస్తానా? కత్తెర వేసి ఇంటికో ముక్క పంచాను. ముక్కు మూడో అంతస్తుకి వెళ్ళింది. పళ్ళు కావాలని పళ్ళ డాక్టరమ్మ పట్టుబట్టింది. గడ్డం ఎదురు సెలూనతనికిచ్చాను, వృత్తి కదా.

పిన్ని

తా.క. ఇంటి ఓనరుకి చెవి వచ్చింది. కుళాయి కారుతోందంటే ఇకనైనా వింటాడేమో.

*

పిన్నీ,
దండం పెట్టాలో తల బాదుకోవాలో తెలియడం లేదు.

కమిషనంటే బొమ్మ గియ్యమని పని అప్పజెప్పడం. షేరంటే ఫోన్లో ఒకరికొకరు పంపుకోవడం. కత్తెర ఎవరు పట్టుకోమన్నారు? ఇప్పటిదాకా చూసింది నేనూ, మా ఆవిడా, పొరపాటున నొక్కిన మామగారూ. నిజంగా భయంగా ఉంది పిన్నీ. గియ్యకుండా బతకడం నాకు చేతకాదు. ఆ ముక్కలు వెనక్కి తీసుకో.

నీ అభాగ్యుడు

తా.క. నాన్న కొట్లో నాకు కుర్చీ వేయించాడు.

*

పిచ్చి సన్నాసీ,
ముందు అన్నం తిను.

అడిగాను. ఒక్కరూ ఇవ్వనంటున్నారు. ఎవరి ముక్క వాళ్ళు వీధివైపు కిటికీకి అతికించుకున్నారు. కన్ను కింద, నోరు పైన, చెవి గేటు పక్కన. మనిషిని ఉతికి ఆరేసినట్టుంది. ఇన్నాళ్ళూ తల దించుకుని పోయినవాళ్ళు ఆగి, ముక్కు ఎక్కడా అని వెతుకుతున్నారు. నాకైతే కడుపు నిండింది. సెలూనతను ఫోటోలు తీసి, గడ్డం ముక్క మూలనున్న నీ పేరుతో సహా ఎక్కడో పెట్టాడట.

పిన్ని

తా.క. కుడి కన్నువాళ్ళూ ఎడమ కన్నువాళ్ళూ ఏది పెద్దదని మాటలు మానేశారు.

*

పిన్నీ,
ఈసారి కాళ్ళకే దండం.

ఆ ఫోటోలు ఊరూరా తిరుగుతున్నాయి. గ్యాలరీ పెద్దాయన ఫోన్ చేసి, ముక్కలు చేసి పంచాలన్న ఆలోచన అద్భుతం అన్నాడు. ఊరుకుంటే సరిపోయేది. మనసొప్పక నీదని చెప్పేశాను. సరేనని పెట్టేశాడు. మళ్ళీ ఉలుకూ పలుకూ లేదు.

నీ కొడుకు

తా.క. నిజం ఎందుకు చెప్పావని మా ఆవిడ రెండు రోజులు సాధించింది.

*

ఒరే నాయనా,
నీ నోరు చల్లగుండ.

గ్యాలరీవాళ్ళు ఉత్తరం రాశారు, నాకు. కొత్త బొమ్మ కావాలట. కొయ్యడం నా వంతుగానీ గియ్యడం నాకు రాదనీ, మా అక్క కొడుకొకడున్నాడు, కాస్త కంగారు మనిషేగానీ చెయ్యి మంచిదనీ రాశాను. సరే, అతన్నే పెట్టుకోండి అన్నారు. రేపే మొదలుపెట్టు.

నీ యజమానురాలు

తా.క. పెద్దగా గియ్యి. మాకు ముక్క రాలేదని పక్క వీధివాళ్ళు అలిగి కూచున్నారు.